పొద్దున్నే ఆగిపోయే వ్యాను

మేస్త్రీ గారు పోయారని పోయిన శుక్రవారం వాళ్ల కోడలు బందరు నుంచి ఫోన్ చేసింది. "నిద్రలోనే వెళ్లిపోయారు బాబాయ్. మీకు చెప్పకపోతే ఆయన ఊరుకోరు" అంది. గుడివాడలో దొరికిన బస్సెక్కి వెళ్లాను. జనాజా మోసినవాళ్లలో సగం మంది డ్రైవర్లే. ఇంజను విప్పడంలో ఆయనంత మొనగాడు లేడని అక్కడ అందరూ చెప్పుకున్నారు. నిజమే. కానీ నా మటుకు నాకు ఆయన వేరే సంగతికి పెద్దమనిషి. అది మీకు చెప్పేదాకా నాకు మనసు నిలవదు.

ఉప్పెన దివిసీమను ముంచేనాటికి నేను బందరులో ఒక ధర్మాసుపత్రికి వ్యాను డ్రైవర్ని. ముప్పై నిండలేదు, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. అవనిగడ్డ అవతల నిలిపి ఉన్న వ్యాను పైకప్పుదాకా ఉప్పునీళ్లలో మునిగింది. ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి గిలకలదిండి రోడ్డులో మేస్త్రీ గారి షెడ్డులో పడేశాం. ఆయన ఇంజను మొత్తం విప్పి, సిలిండర్లలో పేరుకున్న ఒండ్రు తీసి, వైరింగంతా కొత్తది వేశారు. విప్పిన ప్రతి నట్టూ విప్పిన వరుసలోనే ఇంట్లోంచి తెచ్చిన అన్నం పళ్లేల్లో ఉండేది. ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పని అయ్యాక బండిని ఇంజనుతో సహా శుభ్రంగా కడిగి, పెళ్లికొడుకులా తయారుచేసి అప్పగించడం ఆయన పద్ధతి. మాదీ అలాగే అప్పగించారు.

వారం తిరక్కుండా వ్యాను ఆగడం మొదలుపెట్టింది. అదీ పొద్దున్నే. మంచు పట్టిన రోజున బయల్దేరిన గంటలోపు హారను మూలిగేది, లైట్లు గుడ్డివయ్యేవి, ఇంజను చచ్చేది. నేను కాళ్లావేళ్లా పడి నలుగురి చేత తోయించి షెడ్డుకి చేర్చేసరికి ఎండ ఎక్కేది. మేస్త్రీ గారు తాళం తిప్పగానే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మూడుసార్లు అలాగే అయింది. బ్యాటరీ మార్చారు, డైనమో విప్పి చూశారు. చివరికి ఆసుపత్రి వాళ్లు అడిగితే "బండిలో లోపం లేదు" అని చీటీ రాసి సంతకం పెట్టి ఇచ్చారు.

ఆ చీటీ నా కొంప ముంచింది. అంతకు ముందురోజే విరిగిన కాలితో ఉన్న ఒక ముసలాయన్ని వ్యాను దించి ఎడ్లబండి ఎక్కించాల్సి వచ్చింది. డాక్టరమ్మగారు నన్ను పిలిచి, "మేస్త్రీయే బాగుందంటుంటే నువ్వు ఆగిందంటావేమయ్యా? పొద్దున్నే లేవలేక వేషాలేస్తున్నావా? ఇంకొక్కసారి ఆగితే వేరే డ్రైవర్ని పెట్టుకుంటాం" అన్నారు. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. తిన్నగా షెడ్డుకెళ్లి మేస్త్రీ గారిని నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దాయన అని కూడా చూడలేదు, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆయన అంతా విని, "ఏ టైముకి ఆగుతోంది?" అని అడిగారు. "ఆరూ ఆరున్నరకి." "అయితే రేపు నేనూ వస్తా. బండి ఆగిన చోట నేనుండాలి గాని, నేనున్న చోటికి దాన్ని తెస్తే ఏం తెలుస్తుంది తమ్ముడూ!"

మర్నాడు మొవ్వ రోడ్డులో కాలవ గట్టు మీద ఆగింది. నా ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. ఆయన మాత్రం సంబరంగా దిగారు. జేబులోంచి రెండు తీగలున్న చిన్న బల్బు తీశారు. దాన్ని బ్యాటరీ రెండు కొసలకీ పెడితే భగ్గుమని వెలిగింది. ఒక తీగ తీసి ఇంజనుకి తాకించేసరికి మిణుకుమంది. "కరెంటు పోతోంది గాని, ఇంజను నుంచి తిరిగి రాలేకపోతోంది" అన్నారు. ఆ తిరుగుదారి కలిసేది బాడీకి బిగించిన ఒక్క బోల్టు దగ్గర. ఎర్తు బోల్టంటాం. దాన్ని విప్పితే కింద పచ్చగా, తెల్లగా బూజులాంటి పొడి. చిటికెన వేలితో తీసి నాలిక మీద వేసుకుని ఉమ్మేశారు.

"ఉప్పు" అన్నారు. తీగ కొసనీ, బోల్టునీ అటూ ఇటూ తిప్పి చూశారు.

ఆ తీగ కొత్తది. బోల్టూ కొత్తదే. అవి రెండూ ఉప్పెన మొహం ఎరగవు. అవి చూసిన నీళ్లు ఒక్కటే, పని పూర్తయ్యాక ఆయన బండి కడిగిన షెడ్డు బావి నీళ్లు. బందరు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. తాగడానికి మంచినీళ్లు కావిళ్లతో తెప్పించుకుంటాం, తక్కిన వాటికి బావిలో ఉప్పునీళ్లే. బండి తాగదు కదా అని ఆయనా అనుకున్నారు. మంచుకి ఆ ఉప్పు చెమ్మగిల్లి బోల్టుని తినేస్తోంది. ఎండ ఎక్కితే ఆరి ఊరుకుంటోంది, కరెంటుకి మళ్లీ దారి దొరుకుతోంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇది ఉప్పెన తెచ్చిన సముద్రం ఉప్పేనని చెబుదాం మేస్త్రీ గారూ. ఎవరు కాదంటారు?" అన్నాను. ఆ ఏడాది అందరం అన్నీ ఉప్పెన మీదకే నెట్టేవాళ్లం.

"అది చేసింది చాలదా తమ్ముడూ? నేను చేసింది కూడా దానికెందుకు అంటగట్టడం?" అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఉతికిన చొక్కా వేసుకుని ఆసుపత్రికి వచ్చారు. "తప్పు నాదేనండి డాక్టరమ్మగారూ. మీ డ్రైవరు చెప్పిన ప్రతి ముక్కా నిజం" అన్నారు. తనిచ్చిన చీటీ అడిగి తీసుకుని, వెనకవైపు "లోపం నా షెడ్డులోనే జరిగింది" అని రాసి మళ్లీ సంతకం పెట్టారు. నా ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఆ ఆసుపత్రి అన్నమే తిన్నాను.

ఆయన అక్కడితో ఆగి ఉంటే నేనింత రాసేవాణ్ణి కాదు. ఉప్పెన తర్వాత తన షెడ్డులో కడిగిన బళ్లన్నీ గుర్తు చేసుకుని, వాటి ఎర్తు బోల్టులు కడిగి బిగించడానికి మంచినీళ్ల డబ్బాలు వేసుకుని ఊరూరా బయల్దేరారు. ఆదివారాలు మా వ్యానులో నేనే తిప్పాను. కొందరు టీ ఇచ్చారు. కొందరు నానా మాటలన్నారు. ఒక లారీ యజమాని ఇక నీ షెడ్డు గడప తొక్కనని అక్కడే చెప్పేశాడు. "మీ ఇష్టమండి, ముందు బోల్టు చూడనివ్వండి" అన్నారు ఈయన.

చివరి బండి దివిసీమలో కోడూరు దాటాక ఒక రైతు ట్రాక్టరు. ఆ రైతుకి ఒళ్లు మండింది. "నా బండి ఒక్కనాడు ఆగలేదు. బాగున్నదాన్ని ఎందుకు విప్పుతారయ్యా?" అన్నాడు.

"ఇంకా ఆగలేదండి, అంతే" అన్నారు మేస్త్రీ గారు. గోనెపట్టా కూడా అడక్కుండా ఆ బురదలోనే వెల్లకిలా పడుకుని ట్రాక్టరు కిందకి దూరారు. రైతు గొణుగుతూనే వెళ్లి, కాసేపటికి తన తాగే బిందెలోంచి మంచినీళ్లు ముంచి తెచ్చి పట్టుకు నిలబడ్డాడు. బయటికి కనిపిస్తున్నవి ఒక జత పాదాలు, ఇనుప చక్రం పక్కనుంచి నీళ్ల కోసం చాచిన ఒక చెయ్యి.