ఐసు గదిలో మధ్యాహ్నపు కునుకు

నిడదవోలులో పరుపుల కొట్టు నడిపే జోగేశ్వరరావు గారికి ఒకటే చాదస్తం. తాను పడుకుని చూడనిదే ఏ పరుపు గురించీ మంచీ చెడూ చెప్పరు. మధ్యాహ్నం భోజనమయ్యాక కొత్త సరుకు మీద ఓ గంట వాలుతారు. లేచాకే తీర్పు. ఊళ్ళో ఏ కొత్త జంట పరుపు మీదైనా మొదటి నిద్ర ఆయనదేనని జనం చెప్పుకుంటారు. అది నింద కాదు, నిజమే.

అలాంటి మేనమామ చేతిలో తన మంచుకొండల ప్రయాణం ఇరుక్కుంటుందని లావణ్య అనుకోలేదు. రాజమండ్రిలో ఉద్యోగం చేస్తూ రెండేళ్ళుగా సెలవులు కూడబెట్టుకుంది. డిసెంబరులో ఉత్తరాఖండ్ కొండలెక్కి, మంచులో గుడారం వేసుకుని పడుకోవాలని ఆమె కోరిక. తల్లి ప్రసన్నలక్ష్మి ఒకటే మాటంది.

"చిన్నప్పుడు నెమ్ము చేసి చచ్చి బతికిన పిల్లవి. మీ మావయ్య పడుకుని చూసి ఆ పక్క మంచిదంటేనే వెళ్ళు."

లావణ్య రెండు స్లీపింగ్ బ్యాగులు తెప్పించింది. జోగేశ్వరరావు గారు కళ్ళజోడు సవరించుకుని వాటి చీటీలు చదివారు.

"దీనిమీద కంఫర్ట్ సున్నా అని రాశాడేంటే?"

"అది కాదు మావయ్యా..."

"సుఖం లేదని తనే ఒప్పుకున్న వ్యాపారిని ముప్పయ్యేళ్ళలో ఇప్పుడే చూస్తున్నాను. రెండోదేంటి, కంఫర్ట్ మైనస్ పదా? ఇది మరీ అన్యాయం. పడుకున్నవాడే దాన్ని సుఖపెట్టాలి కాబోలు."

"అది చలి లెక్క మావయ్యా. సున్నాకి పది డిగ్రీలు తక్కువున్నా హాయిగా పడుకోవచ్చని."

"అయితే ఆ చలేదీ? పడుకుంటే గానీ చెప్పలేను."

నిడదవోలులో అంత చలి ఎక్కణ్ణించి వస్తుంది? కానీ నరసాపురంలో చేపలవాళ్ళకి ఐసు అమ్మే శివరామకృష్ణ ఆయన చిన్ననాటి స్నేహితుడు. మర్నాడు మధ్యాహ్నం జోగేశ్వరరావు గారు కడుపారా భోంచేసి, మైనస్ పది సంచిని చంకన పెట్టుకుని, ఐసు దిమ్మలు నిలవచేసే గదిలోకి వెళ్ళిపోయారు. తలుపు దగ్గర స్నేహితుడూ మేనకోడలూ కాపలా.

అరగంటకి బయటికొచ్చారు.

"పైన ఆవిరి కుడుములా ఉన్నాను. వీపు మాత్రం నాది కాదు. కింద సంచిలో కూరిన ఈకలు నలిగిపోయాయే. దూదయినా అంతే. నలిగితే గాలుండదు, గాలి లేకపోతే వెచ్చదనం ఉండదు. అందుకేగా దూది ఏకించేది."

రెండో రోజు తన కొట్లోని దూది పరుపు కింద వేశారు. అది చెమ్మంతా పీల్చేసుకుంది. బయటికి తేవడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. "దూది దీనికి పనికిరాదు" అనడానికి ఆయనకెంత కష్టమైందో చూసి లావణ్యకి జాలేసింది. మూడో రోజు రెండు పొరల ఫోమ్ చాప వేసుకుని గంటసేపు గురక పెట్టారు.

"అయితే అమ్మకి చెప్పెయ్యనా? కొండలెక్కే బృందం వాళ్ళకి రేపు సాయంత్రానికల్లా ఖాయం చెయ్యాలి."

"అప్పుడే కాదు," అన్నారాయన. లావణ్యకి ఒళ్ళు మండింది.

మర్నాడు ఆయన ఏకంగా ప్రసన్నలక్ష్మినే ఐసు ఫ్యాక్టరీకి తీసుకొచ్చారు. శాలువా, మంకీ క్యాపు, కాళ్ళకి మేజోళ్ళు.

"నన్నెందుకన్నయ్యా ఇక్కడికి?"

"నీ కూతురు పడుకునే పక్క చూడవూ?" అని ఆవిణ్ణి సంచిలో దూర్చి, జిప్పు లాగి, తలుపు దగ్గరికొచ్చి నించున్నారు.

"చాప వేసిన రోజే తేలిపోయిందే," అన్నారు లావణ్యతో, గొంతు తగ్గించి. "కానీ మీ అమ్మ ముందే నాకు రహస్యంగా ఫోన్ చేసింది. ఏదో వంక పెట్టి పనికిరాదని చెప్పమంది. నేను మంచిదంటే నా మాట మీద నిన్ను పంపుతుంది, నిజమే. నువ్వు తిరిగొచ్చేదాకా మాత్రం దాని కంటిమీద కునుకుండదు. ఇప్పటికే వారం రోజులుగా నిద్రలేదు."

లోపల్నుంచి చప్పుడు లేదు. ఇద్దరూ కంగారుగా తొంగిచూశారు. సంచిలోంచి ముక్కు ఒక్కటే కనిపిస్తోంది. అందులోంచి నిదానంగా గురక వస్తోంది. లావణ్య లేపబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు.

"పడుకోనీవే పాపం."

"ఒరే జోగీ, చేపల బళ్ళొచ్చి నించున్నాయిరా," అని శివరామకృష్ణ రెండుసార్లు చెప్పాక గానీ లేపలేదు. ప్రసన్నలక్ష్మి కళ్ళు తెరిచి ఐసు దిమ్మల్నీ కూతుర్నీ కాసేపు చూసింది.

"ఖాయం చేసుకో," అంది. తర్వాత జిప్పు గడ్డం దాకా లాక్కుని, "ఆ బళ్ళవాళ్ళని ఇంకో పావుగంట ఆగమను," అంది.