మగ్గం సంగతి దాచాను

నా మనవరాలు మగ్గం నేస్తుందన్న సంగతి డాక్టరమ్మ దగ్గర దాచాను. ఆమె సూటిగా అడిగింది. నేను సూటిగా అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం వల్ల ఆ పిల్ల నెలల తరబడి చాలీచాలని తిండితో పరిగెత్తింది, నేసింది, చివరికి పోలీసు పరీక్ష నాడు మైదానంలో పడిపోయింది. తప్పు దానిదేనని ఇంట్లో అంటుంటే ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా కాదు. వత్తాసు పలికాను.

ఇన్నేళ్లూ దీన్ని మోస్తూనే తిన్నాను, మోస్తూనే పడుకున్నాను. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు కాబట్టి. ఎరిగినవాళ్ల ముందు నోరు విప్పడానికి నాకు ఎంతకాలం పట్టిందో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మాది గద్వాల. నేను బడికి పోలేదు. పొట్లాలు కట్టిన పేపరు ముక్కలు విప్పి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని, ఆ తర్వాత గ్రంథాలయంలో పొద్దుపోయేదాకా కూర్చున్నవాణ్ని. చదువుకున్నవాళ్లు తప్పు మాట్లాడితే ఓర్చుకోలేను. ఒకసారి నేతన్నల సభకు వచ్చిన ఆఫీసరు ఒకాయన మైకులో అన్నాడు: మీది నీడపట్టున కూర్చుని చేసే పని, రైతుల కష్టం మీకేం తెలుసు అని. నేను లేచి నిలబడ్డాను. మా ఇంటికి రా, మగ్గం గుంటలోకి దిగి ఒక్క పూట ఆ తొక్కుడు చెక్కలు తొక్కు, సాయంత్రం నీ కాళ్ల మీద నువ్వు ఇంటికి పో చూద్దాం అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ కథ మా వీధిలో ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. నేనే ఎక్కువసార్లు చెప్పుకున్నాను.

అదే నేను. అదే నోరు.

నా మనవరాలిని శిరీష అందాం. నా కొడుకు పోయాక మగ్గం దానిదే అయింది. నా మోకాళ్లు పాడై గుంటలోకి దిగలేను. నా కోడలు, అంటే దాని తల్లి, నూలు కండెలు చుడుతుంది, వంట చేస్తుంది. మా చీరకు ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. పోగును మోసే నాడె అటొకటి, ఇటొకటి, మధ్యలో ఒకటి. ప్రతి వరసలోనూ నూలును పట్టుతో కలపాలి. చేతులూ కాళ్లూ నడుమూ ఒక్కసారే పనిచేస్తాయి. ఆ పని చేస్తూనే పిల్ల పోలీసు కొలువుకు తయారవసాగింది. తెల్లవారుజామునే మైదానానికి పోయి పరిగెత్తేది. కాస్త ఒళ్లు తగ్గితే వేగం వస్తుందని అక్కడి కోచ్ చెప్పాడట.

అప్పటికి నేను పేపర్లో ఆరోగ్యం పేజీ చదివి కేలరీల పండితుణ్ని అయ్యాను. అయినా డాక్టరు మాట ఉండాలని నేనే వనపర్తి తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్న వయసుది. ఓపికగా మాట్లాడింది. బరువు తగ్గడమంటే కడుపు మాడ్చుకోవడం కాదు, ఒళ్లు చేసే పనికి తగ్గ తిండి పడకపోతే కండ కరుగుతుంది, బలం పోతుంది అని చెప్పింది. అందుకే అడుగుతున్నా, పొద్దున పరుగు కాక ఈ అమ్మాయి ఇంకేం పని చేస్తుంది అంది.

శిరీష నా వైపు చూసింది. పెద్దవాణ్ని పక్కన పెట్టుకుని పిల్లలు మాట్లాడరు మా ఇళ్లలో.

అప్పుడు మగ్గం మీద ఒక పెళ్లిచీర ఉంది. ముహూర్తం దగ్గర పడింది. నేస్తుందని చెబితే ఈమె ఏమంటుంది? పరీక్ష అయ్యేదాకా మగ్గం ఆపమంటుంది. నాకు పిల్ల కొలువూ కావాలి, చీరా దిగాలి. రెండూ ఒక్క ఒంటితోనే కావాలి.

"ఇంకేం పని లేదమ్మా. ఇంట్ల కూసునే ఉంటది" అన్నాను.

డాక్టరమ్మ ఇంట్లో కూర్చునే పిల్లకు తగ్గట్టు తిండి చెప్పింది. ఆమె తప్పేం లేదు. తర్వాత నెలరోజులకు మళ్లీ తీసుకురమ్మంది. నేను తీసుకుపోలేదు.

పెళ్లిచీర అయిపోయాక ఇంకో చీర ఎక్కింది. నేను పళ్లెం ముందు కాపలా కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఒక జొన్నరొట్టె, కూర. కోడలు రెండోది వేయబోతే చేయి అడ్డం పెట్టేవాణ్ని. డాక్టరమ్మ చెప్పింది కదా అనేవాణ్ని. కోడలికి డాక్టరంటే దేవుడు. తిరిగి మాట్లాడేది కాదు. ఒకరోజు మాత్రం కోడలు నీళ్లకు పోయినప్పుడు శిరీష గుంటలోంచే అడిగింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

"తాతా, ఇంకొక్క రొట్టె తింట. కడుపుల మండుతున్నది."

"జర ఓర్చుకో బిడ్డా. ఆకలైతుందంటే కొవ్వు కరుగుతున్నట్టు."

"పొద్దుగాల ఉరుకుతున్న. మళ్ల పొద్దంత తొక్కుతున్న. గిది లెక్కల రాదా?"

"కూసొని నేసేదానికి ఎంత తిండి గావాలె?"

మగ్గం ఆగింది. పిల్ల తల పైకెత్తి నవ్వింది.

"గా ఆఫీసరు గిదే మాటంటే గుంటల దిగమంటివి. నువ్వెప్పుడు ఆఫీసరువైతివి తాతా?"

"నోరు మంచిగనే ఉరుకుతున్నది. కాళ్లు గూడ గట్లనే ఉరికితే సాలు" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. నేను రొట్టె ఇవ్వలేదు. నవ్వి ఊరుకున్నానే, అప్పుడైనా నాకు తెలియలేదా? తెలిసింది. తెలిసిందని ఇప్పుడు రాస్తున్నాను. ఇది తెలియక చేసిన తప్పని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. పుస్తకాలు చదివినా ఒంటి సంగతి తెలియని ముసలివాడి పొరపాటని. కాదు. నలభై ఏళ్లు ఆ గుంటలో కాళ్లు వేలాడేసినవాణ్ని, ఆ ఆకలి ఎలాంటిదో, అది పొట్టలో మొదలై తొడల్లోకి ఎలా దిగుతుందో నాకు తెలిసినంతగా ఆ డాక్టరమ్మకు కూడా తెలియదు.

పిల్ల సన్నబడింది. అందరూ మెచ్చుకున్నారు. నేను మీసం తిప్పాను. జుట్టు రాలడం, మెట్టెక్కితే ఆయాసం, ఊరికే చిరాకు పడటం, ఇవన్నీ పరీక్ష భయమే అన్నాను. పరీక్ష నాడు సగం దూరం అందరికంటే ముందే ఉందట. చివరి మలుపులో మోకాళ్ల మీద కూలబడింది. లేచింది. మళ్లీ పడింది.

దవాఖానలో సెలైన్ ఎక్కిస్తూ అక్కడి డాక్టరు, ఈ పిల్ల కడుపుకు తినడం లేదా అని అడిగాడు. నా కోడలు బిత్తరపోయింది. డాక్టరు చెప్పినంత పెడుతూనే ఉంది కదా. మరి ఆ తిండి ఏమైనట్టు? చాటుగా పారబోస్తున్నదని తేల్చుకుంది. మంచం మీద ఉన్న పిల్లను పట్టుకుని ఊపింది. సన్నగ గావాలని తిండి పారేసినవా, గింత మోసమా అని ఏడ్చింది.

శిరీష తల తిప్పింది. నన్ను చూసింది. అప్పుడు ఒక్క మాట చాలు. అబద్ధం చెప్పింది నేనమ్మా అంటే అయిపోయేది.

"గీ కాలం పిల్లలు గంతే. టీవీల బొమ్మలను చూసి పాడైతున్నరు" అన్నాను.

డాక్టరమ్మ దగ్గరి అబద్ధం ఒక ఎత్తు. ఈ మాట ఒక ఎత్తు. దేనికి ఎక్కువ సిగ్గుపడాలో నాకు ఈనాటికీ తేలలేదు.

మళ్లీ కొలువులు పడేసరికి ఏళ్లు గడిచాయి, వయసు దాటింది. పిల్లను కోడేరు ఇచ్చాం. మంచి ఇల్లే. పొలం పని చేసుకుంటుంది. ఇంటికి వచ్చినప్పుడు నాకు కాళ్లు నొక్కుతుంది. ఒక్కసారి కూడా ఆ ఊసు ఎత్తలేదు. దాని ఓర్పును చూసి మరచిపోయిందనుకునేవాణ్ని. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

మొన్న వచ్చింది, కూతురితో. ఆ చిన్నది అన్నం వదిలేస్తే నా కోడలు కసిరింది: "మీ అమ్మ లెక్క తిండి పారేస్తవా? గట్లనే పోలీసు కొలువు పోగొట్టుకున్నది." శిరీష కొంగు అందుకుంది. పిల్ల మూతి తుడిచింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మా ఇంట్లో అది దొంగే. ఇప్పుడు దాని కూతురి ముందు కూడా.

మరునాడు బస్‌స్టాండు దాకా వెంట నడిచాను. కోడేరుకు వనపర్తి మీదుగా పోవాలి, ఆ బస్సు ఇంకా రాలేదు. నిలబడే చెప్పాను. డాక్టరమ్మకు ఎందుకు అబద్ధం చెప్పానో, పెళ్లిచీర సంగతి, రొట్టెకు చేయి అడ్డం పెట్టిన సంగతి, దవాఖానలో అన్న మాట, అన్నీ. తప్పు నాదే బిడ్డా అన్నాను. ఇన్నేళ్లు మోసింది దించుకున్నట్టయింది. ఇంత తేలిక దొరుకుతుందని తెలిస్తే ముందే చెప్పేవాణ్ని కదా అని కూడా అనిపించింది, సిగ్గులేకుండా.

అది పిల్లను చంకకెత్తుకుని బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూసింది. తర్వాత అంది:

"నాకెందుకు చెప్తున్నవ్ తాతా? గా దినం నేను నీ పక్కన్నే ఉంటి గదా. తెల్వనిది అమ్మకు. పోయి అమ్మకు చెప్పు."