ఒక పేరు తక్కువైన శుభలేఖ

అచ్చు కాగితంలో తప్పు కనిపిస్తే జగన్నాధం గారికి అన్నం సహించదు. నరసన్నపేటలో హరిబాబు ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఆయన పని. అది ప్రెస్సులోనే ఆగితే హరిబాబు సుఖపడేవాడు. ఆగదే! బజ్జీల పొట్లం విప్పితే, బజ్జీలు చల్లారినా సరే, ఆ కాగితం దిద్దందే నోట పెట్టరు. కోవెల కరపత్రమైతే ముందు కళ్లకద్దుకుని, లెంపలేసుకుని, ఆ తరువాత దిద్దుతారు. ఆయనకు జడిసి కొందరు శుభలేఖలు సాలూరులో అచ్చేయించుకుంటున్నారని హరిబాబు దిగులు.

ఆవేళ భావనపాడు నుంచి లక్ష్ముడు చేపల వేట మానుకుని వచ్చాడు. కూతురు అరుణశ్రీ పెళ్లి. సాయంత్రానికి కార్డులు కావాలి. జగన్నాధం గారు ప్రూఫు మూడుసార్లు చదివి ఎర్ర కలం తీశారు.

“ఒక తప్పున్నాది.”

హరిబాబు తల పట్టుకున్నాడు. “ఏటి మావా, ముహూర్తం దాటిపోనాక వదుల్తావేటి?”

“ఆహ్వానించేవోళ్లలో ఒక పేరు లేదు. సంతకొచ్చినప్పుడల్లా ‘మా పిల్ల, మా పిల్ల’ అని నా సెవులు కొరికేసే ఎండుసేపల కూర్మమ్మ ఏదిరా, లక్ష్ముడూ?”

లక్ష్ముడు నేలచూపులు చూశాడు. “మా అప్పే, బాబూ, నాకంటే పెద్దది. పురిట్లో తల్లి పోతే గంప నెత్తినెట్టుకుని తిరిగి పిల్లని పెంచినాది. కానీ మొగుడు లేని మనిషి గదా... శుభలేఖలో ఏస్తే నలుగురూ ఏటంతారో!”

“నలుగురి సంగతి నాకు తెల్దు. నాను ప్రూఫు సూసేవోణ్ణి. ఉండాల్సింది లేకపోతే తప్పే. దిద్దకుండా సంతకం పెట్టను.”

హరిబాబుకు అప్పుడు తట్టింది. మొన్న ఒక కార్డులో మారుతల్లి పేరు, అంతకుముందు మంచంపట్టిన తాత పేరు... ఈయన ఆలస్యం చేశాడని తాను విసుక్కున్న ప్రతిసారీ ఎవరో ఒకరు కార్డులోకి వచ్చి కూర్చున్నారు.

లక్ష్ముడు గుమ్మంలోంచి బయట మెట్ల వైపు చూశాడు. చివరికి, “ఎయ్యండి బాబూ” అన్నాడు.

తమ్ముడి వెంట వచ్చిన కూర్మమ్మ బయట మెట్ల మీదే కూర్చుంది, శుభకార్యం పనిలో తానెందుకని. జగన్నాధం గారు కొత్త ప్రూఫు పట్టుకెళ్లి, చదువురాని ఆమె వేలిని తమ్ముడి పేరు మీద ఒకసారి, ఆమె పేరు మీద ఒకసారి ఉంచారు. కూర్మమ్మ ఆ రెండింటినీ తడిమి తడిమి చూసింది. కళ్లు తుడుచుకుంది. తరువాత గొంతు పెంచింది.

“ఒరే లక్ష్ముడూ, నీ పేరు వంజరం సేపంతున్నాది. నా పేరు సిన్న నెత్తళ్లంతే ఉన్నాదేటిరా?”

జగన్నాధం గారు కళ్లజోడు సర్దుకుని చూశారు. నిజమే! ముప్పై ఏళ్లలో ఆయన వదిలేసిన తప్పు మరొకరు పట్టడం అదే మొదలు.

“నా కంటికి ఆనలేదమ్మా,” అంటూ ఎర్ర కలం తీయబోయారు.

లోపల లక్ష్ముడు అప్పటికే హరిబాబుకు చెబుతున్నాడు: “నా పేరు కంటే పెద్దగా ఎయ్యండి బాబూ. అప్ప గదా!”