ఈవలి ఒడ్డున విందు

మా మేనత్త చేతి వంట తినడానికి వెళ్ళి, ఆవిణ్ణే ఆకలితో పడగొట్టబోయిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నాకు హైదరాబాదులో కొత్త ఉద్యోగం, చేతిలో కొత్త స్మార్ట్‌ఫోను. రెంటిలో ఏది ఎక్కువ తలకెక్కిందో చెప్పలేను. ఆఫీసులో ప్రవీణ్, శేఖర్ అనే మిత్రులిద్దరూ సెలవొస్తే చాలు, ట్రెక్కింగ్ అంటూ కొండలెక్కేవారు. "మా కోనసీమ రండి, తోటల్లో నడిపిస్తాను" అని పిలిచాను. మా సీమలో ఎక్కడానికున్నవి ఏటిగట్టూ కొబ్బరిచెట్టూ మాత్రమేనని వాళ్ళకి చెప్పలేదనుకోండి.

ఉప్పలగుప్తం దాటాక ఓ పల్లెలో అత్తయ్య ఇల్లు. ఆవిడ అక్కడికి మారాక నేను వెళ్ళడం అదే మొదలు. భోజనానికి వస్తున్నామని ముందురోజే ఫోన్ చేశాను.

"కాలవ లాకుల దగ్గర ఆటో దిగి, వంతెన దాటి, గట్టు పట్టుకుని వచ్చెయ్యరా. తెలీకపోతే ఎవర్నైనా అడుగు" అంది అత్తయ్య.

"అడగడం ఎందుకత్తయ్యా? ఫోనే చెబుతుంది."

"ఫోనుకి మా ఇల్లు తెలుసేంట్రా?"

"దానికి తెలియని ఇల్లు లేదు."

ఇంత మాట అన్నాక, దారిలో మనిషిని అడిగితే నా పరువేం కాను, మీరే చెప్పండి.

మర్నాడు లాకులదాకా వెళ్ళనేలేదు. ఫోను అడ్డదారి చూపించిందని మధ్యలోనే అందర్నీ ఆటో దింపేశాను. తెర మీద నీలం గీత తోటల్లోంచి తిన్నగా అత్తయ్య ఇంటికే పోతోంది. కొబ్బరి నీడలు, పోకచెట్లు, పంటబోదెలో నీళ్ళ చప్పుడు. మిత్రులు ఫొటోలు తీస్తుంటే ఆ తోటలన్నీ నావే అయినట్టు నడిచాను. కాసేపటికి నీలం గీత ఓ రొయ్యల చెరువు మధ్యలోంచి పోయింది.

"దిగమంటావా?" అన్నాడు ప్రవీణ్.

"చుట్టూ తిరుగుదాం. ఫోను సర్దుకుంటుంది."

సర్దుకుంది. మమ్మల్ని ఓ పశువులపాక పక్కనుంచి గడ్డిమేటు చుట్టూ తిప్పింది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఎవరింటికండీ?" అన్నారు.

"ఊరికే నడుస్తున్నామండీ" అన్నాను.

"ఆయ్, నడవండి."

చాలాసేపు తిరిగాక మళ్ళీ అదే పాక ప్రత్యక్షమైంది. పెద్దాయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఇంకా నడుస్తున్నారాండీ? మజ్జిగ పుచ్చుకుంటారా?" అన్నారు. నేను ఫోనుకేసి చూస్తూ వినపడనట్టు నటించాను. శేఖర్ మాత్రం రెండు గ్లాసులు తాగాడు.

అప్పుడు మావయ్య ఫోన్ చేశారు. "ఎక్కడున్నార్రా? మీ అత్తయ్య షుగరు మాత్ర వేసేసుకుంది. మీరొచ్చి తింటేగానీ ముద్ద ముట్టనంటోంది. తూలిపోతోంది, చెబితే వినదు."

ఫోను తెర చూసి అరిచాను. "వచ్చేశాం మావయ్యా! రెండొందల మీటర్లే చూపిస్తోంది!"

పరుగెత్తాం. ఫోను అబద్ధమాడలేదు. తోట అయిపోగానే అత్తయ్య ఇల్లు ఎదురుగానే ఉంది. మధ్యలో నిండా నీళ్ళతో కాలవ ఉంది. ఆ ఒడ్డున అత్తయ్య, మావయ్య చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"అటెందుకెళ్ళేవురా?" అని అరిచింది.

"ఫోను ఇటే తెచ్చిందత్తయ్యా!"

"వంతెన దాటి రమ్మన్నానా, లేదా?"

వంతెన ఎక్కడని చూస్తే ఫోను వచ్చిన దారంతా వెనక్కి నడవమంది. అందాకా ఈవిడ పస్తుంటే?

"నీకు దణ్ణం పెడతాను, నువ్వు తినేయ్ అత్తయ్యా!"

"పిలిచినవాళ్ళని గట్టు మీద నిలబెట్టి నేను తింటానేంట్రా? అక్కడే కూర్చోండి."

మావయ్య తాటిదోనెలో బయల్దేరారు. అందులో క్యారేజీ, అరిటాకులు, మంచినీళ్ళ చెంబు.

"ఆ దోనెలో మేమే వస్తాం కదా!" అన్నాను.

"అన్నం మునిగితే మళ్ళీ వండుకుంటాను. నువ్వు మునిగితే మా అన్నయ్యకేం చెప్పను?"

"మరి మావయ్యో?"

"ఆయనకి ఈతొచ్చు."

"ఆయ్" అన్నారు మావయ్య, దోనె నడుపుతూనే.

ఈ ఒడ్డున మా ముగ్గురికీ ఆకులు పడ్డాయి. పనసపొట్టు కూర, చింతచిగురు రొయ్యలు, కొత్తావకాయ. ఆ ఒడ్డున అత్తయ్య కంచం ఒళ్ళో పెట్టుకుని మాకేసే చూస్తోంది.

"పెట్టుకున్నారా?"

ముగ్గురం ముద్దలెత్తి చూపించి నోట్లో పెట్టుకున్నాం. అప్పుడు తిన్నదావిడ. ఇంత ప్రేమని ఎండలో కూర్చోబెట్టానే అని సిగ్గేసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవకాయ ఘాటని మిత్రులకి చెప్పాను.

"కూర మారు వేసుకోండి బాబూ, మొహమాటపడకండి!" కాలవ అవతలినుంచి కొసరి కొసరి వడ్డించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తను కన్నుమూసేదాకా అత్తయ్య నన్ను ఆటపట్టించడం వదల్లేదు. బయల్దేరుతున్నానని ఫోన్ చేస్తే చాలు, "ఏ ఒడ్డుకొస్తున్నావో ముందు చెప్పరా, పొయ్యి అక్కడే పెట్టిస్తాను" అనేది. ఇప్పుడు ఆ మాట కోసమైనా ఇంకోసారి దారి తప్పాలనిపిస్తుంది. అడిగేవాళ్ళే లేరు.

అయినా ఇదిగో నా ప్రతిజ్ఞ. ఇకమీదట నన్ను భోజనానికి ఎవరు పిలిచినా, వండినవారు చెప్పిన దారినే వస్తానని పనసపొట్టు కూర మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను.