డ్రైవరు సీట్లోంచి తీసిన ఫోటో

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక మార్చి నెలలో, సికింద్రాబాద్‌కు నాలుగైదు స్టేషన్ల అవతల ఉన్న ఒక చిన్న స్టేషన్‌కు వెళ్లి ఎంక్వైరీ కోసం ఫోటోలు తీసుకురమ్మని నాకు మెమో అందింది. నేనప్పుడు రైల్వేలో సీనియర్ ఫోటోగ్రాఫరుని. రైల్వేకు ఫోటోగ్రాఫరుతో ఏం పనని ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. పెద్దవాళ్లు జెండా ఊపితే తీయాలి, రిటైరైనవాళ్లకు దండలు వేస్తే తీయాలి. ఎక్కడైనా తప్పు జరిగితే ఆ చోటును కూడా తీయాలి. మొదటి రెండింటికీ పేరొస్తుంది. మూడోదానికి మనుషుల ఉద్యోగాలు పోతాయి.

జరిగిన తప్పు ఇది. ఒక గూడ్సు బండి లూప్ లైన్‌లో, అంటే మెయిన్ లైన్ పక్కనుండే లైన్‌లో ఆగి ఉంది. బయలుదేరమని చెప్పే స్టార్టర్ సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది. డ్రైవరు మల్లయ్య బండి కదిలించి దాన్ని దాటేశాడు. దాటగానే తెలుసుకుని బ్రేకు వేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా డ్రైవరుకు ఎర్ర సిగ్నల్ దాటడం కన్నా పెద్ద నేరం లేదు. సస్పెండ్ చేసి ఎంక్వైరీ వేశారు. నేరం రుజువైతే ఉద్యోగం నుంచి తీసేస్తారు. అతనికింకా ఏడేళ్ల సర్వీసుంది. లాలాగూడ క్వార్టర్‌లో కాపురం, ఇంట్లో సంపాదించేవాడు అతనొక్కడే. అతని వాదన ఏమిటో నాకు తెలియదు. అలాంటివి ఫోటోగ్రాఫరుకు ఎవరూ చెప్పరు, నేనూ అడగలేదు.

ఆఫీసుకు అప్పుడే కొత్త జూమ్ లెన్స్ వచ్చింది. ముప్ఫై అయిదు నుంచి నూట ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల దాకా దాని రింగు తిరుగుతుంది. రింగు యాభై దగ్గరుంటే మనిషి కంటికి ఎలా కనిపిస్తుందో సుమారుగా అలాగే వస్తుంది. అంకె పెరిగేకొద్దీ ఎదుటి వస్తువు పెద్దదవుతుంది, దాని చుట్టుపక్కలవి ఫ్రేములోంచి జారిపోతాయి. దానికి ముందు ఒకే అంకె ఉన్న లెన్సులతో ఇరవై ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఇది చేతికొచ్చాక కిందపెట్టబుద్ధయ్యేది కాదు. మా చీఫ్ ఫోటోగ్రాఫరు శేషగిరిరావు గారిది ఏలూరు. నన్ను చూసినప్పుడల్లా "కొత్త బిచ్చగాడు పొద్దెరగడయ్యా" అని ఏడిపించేవారు.

ఆ రోజు స్టేషన్‌లో సిగ్నళ్లన్నీ తప్పు జరిగిన సమయంలో ఉన్నట్టే పెట్టించారు. ఇంజను కూడా అదే చోట నిలబెట్టారు. నేను క్యాబ్‌లోకి ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుని కెమెరా కంటికి పెట్టుకున్నాను. ఓ పక్క కిటికీ చట్రం, మరో పక్క తుప్పు పట్టిన కమ్మీ, వాటి మధ్య స్తంభాల గుంపు. చూడ్డానికి గజిబిజిగా ఉంది. ఫ్రేములో అడ్డం ఉంటే ఏ ఫోటోగ్రాఫరుకైనా చెయ్యి ఊరుకోదు. రింగు తిప్పాను. చట్రం పోయింది, కమ్మీ పోయింది, స్తంభాలు పోయాయి. నడిమధ్య ఎర్ర సిగ్నల్ ఒక్కటే చక్కగా నిలిచింది. నాలుగు తీశాను. రిజిస్టర్‌లో లెన్స్ అన్న గడిలో 'జూమ్' అని మాత్రం రాసి, ఏ అంకె మీద తీశానో రాయలేదు. ఇప్పటి ఫోన్లలాగా అప్పటి నెగటివ్ ఆ అంకెను తనంతట తాను దాచిపెట్టుకోదు.

ఆఫీసు డార్క్‌రూంలో బ్లాక్ అండ్ వైటే కడిగేవాళ్లం. ఎరుపు ఎరుపుగా కనిపించాలి కాబట్టి కలర్ రోల్ వాడి రాంగోపాల్‌పేట్‌లోని ల్యాబ్‌లో ప్రింట్లు వేయించాను. బాగా వచ్చాయని నాకు నేనే సంబరపడ్డాను కూడా.

ఎంక్వైరీకి నన్ను సాక్షిగా పిలిచారు. ఎంక్వైరీ ఆఫీసరు ప్రింటు చూపించి, ఇది డ్రైవరు సీట్లోంచి తీసినదేనా అని అడిగారు. అవునన్నాను. మార్పులేమైనా చేశారా అన్నారు. లేదన్నాను. ఇంత పెద్ద సిగ్నల్ కనపడలేదంటే నమ్మేదెలా అంటూ ఆయన ప్రింటును మల్లయ్య ముందుకు జరిపారు. అతను దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత ఆఫీసరు వైపు కాక నా వైపు తిరిగాడు.

"జాగ కరెక్టే సార్. కానీ నా కండ్లకు గింత దగ్గర లేకుండె. మెయిన్ లైన్‌ది పచ్చ సిగ్నల్ సుత పక్కనే ఉండె. ఆడ పట్టాలు వంకర తిరుగుతయ్. గదే నాది అనుకున్న. ఈ ఫోటోల అదేది?"

ఆఫీసరు నా వైపు చూశారు. గుర్తు లేదన్నాను. పచ్చ దీపం ఉందో లేదో నిజంగానే గుర్తు లేదు. కానీ రింగు తిప్పిన సంగతి మాత్రం చేతికి గుర్తుంది. అది చెప్పకుండానే కుర్చీలోంచి లేచి వచ్చేశాను.

సాయంత్రం శేషగిరిరావు గారికి చెప్పాను. "నువ్వు అబద్ధమైతే ఆడలేదు కదా. ఫోటో అడిగారు, ఇచ్చాం. తేనెతుట్టె కదపకు" అన్నారు. ఆయన మాటే నాక్కావలసింది. దాన్ని అడ్డం పెట్టుకుని మూడు వారాలు ఊరుకున్నాను. నెగటివ్‌లు తీసి భూతద్దం కింద చూసేవాణ్ణి, మళ్లీ కవర్లో పెట్టేసేవాణ్ణి. భయం నా ఉద్యోగం గురించే. ఇప్పుడది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

రిపోర్టు పైకి వెళ్లే వారం వచ్చింది. ఇంకాగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనిపించి ఎంక్వైరీ ఆఫీసరుకు అర పేజీ ఉత్తరం రాశాను. జూమ్ వాడాననీ, అంకె రాయలేదనీ, డ్రైవరు చూసినంత నా ఫోటోలో లేదనీ అందులో ఒప్పుకున్నాను. నన్ను కదపొద్దన్న శేషగిరిరావు గారే దాని కింద సంతకం చేసి పైకి పంపారు. ఆఫీసరు నన్ను పిలిపించి, మూడు వారాలు నిద్రపోయారా అని మండిపడ్డారు. ఆ తర్వాత అవే ఏర్పాట్లతో రెండోసారి ఫోటోలు తీయమని ఆర్డరు వేశారు.

ఈసారి కెమెరాను స్టాండు మీద బిగించి, రింగు మీదున్న ప్రతి అంకె దగ్గరా ఒక్కొక్కటి తీశాను. పాత నెగటివ్ పక్కన పెట్టి సిగ్నల్ స్తంభం పొడవు కొలిస్తే నూట ముప్ఫై అయిదుతో సరిపోయింది. యాభై దగ్గర తీసిన ప్రింటులో ఎర్ర దీపం చుక్కంత ఉంది. దానికి ఎడంగా, కిటికీ చట్రం పక్కనే, పచ్చ దీపం వెలుగుతోంది. పట్టాల వంపు వల్ల లూప్ లైన్‌కు ఎదురుగా ఉన్నది అదే. నేను శుభ్రం చేసిన ఫ్రేములోంచి పోయింది చట్రమూ కమ్మీ మాత్రమే కాదు, ఆ మనిషి చెప్పుకున్న మాట కూడా.

మొదటి ప్రింటు, ఈ యాభై ప్రింటు రెండింటి వెనకా అంకెలు రాసి సంతకం చేసి ఇచ్చాను. తప్పు మల్లయ్యదేనని చివరికి తేలింది. తన సిగ్నల్ ఏదో పోల్చుకోవలసిన బాధ్యత డ్రైవరుదే. కానీ అజాగ్రత్త కాదు, పొరపాటు అని రాశారు. ఉద్యోగం నిలిచింది. మళ్లీ ట్రైనింగ్‌కు పంపి డ్యూటీలోకి తీసుకున్నారు. నాకు లిఖితపూర్వకంగా ఒక హెచ్చరిక వచ్చింది. అది నా సర్వీసు రికార్డులో ఉంది, ఉండవలసిందే.

డ్యూటీలో చేరిన కొన్నాళ్లకు అతను సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద ఎదురయ్యాడు. థాంక్స్ చెబుతాడనే అనుకున్నాను. టీ తాగుదామంటే వద్దన్నాడు.

"మొదటి మాటు మీరు ఫోటో తీసిన దినం నన్ను సుత రమ్మన్నరు సార్. ఇంజిన్ కింద్నే నిలబడ్డ. ఒక్క మాట పైకి రమ్మంటే సీట్ల కూసొని చూపెడ్తుంటి గద. నెలన్నర ఇంట్ల ఎవ్వరం సరిగ తిన్లే."

 ఆ రోజు కింద ఎవరో నిలబడి ఉన్నట్టు కూడా నేను గమనించలేదు.

రిటైరయ్యేదాకా రిజిస్టర్‌లో అంకె రాయడం మానలేదు, నా కింద పనిచేసినవాళ్లనూ మాననివ్వలేదు. అంకె రాయడం ఎవరైనా నేర్పగలిగిన పనే. మల్లయ్య దగ్గర నేర్చుకున్నది వేరు. ఫోటో ఒక మనిషి కంటికి సాక్ష్యంగా వెళ్తున్నప్పుడు, ముందు ఆ మనిషిని సీట్లో కూర్చోబెట్టి ఏం కనిపిస్తోందో అడగాలి, ఆ తర్వాతే లెన్స్ మూత తీయాలి. అలా అడగడానికి ఆ రోజు నాకు పట్టేది రెండు నిమిషాలు.