ముగ్గులు చూసి రాసిన వలస లెక్క

ఫారాలు నింపితే చాలు, దేశం తనంతట తానే బాగుపడుతుందని మేమంతా గట్టిగా నమ్మిన రోజులవి. పందొమ్మిది వందల అరవైలు ఇంకా సగమైనా కాలేదు. నల్లగొండ పక్కన పానగల్‌లో పుట్టి, అవ్వ కట్టిచ్చిన సద్ది తింటూ ఎట్లాగో ఎం.ఏ. గట్టెక్కిన నాకు, యూనివర్సిటీలో వలసల మీద పరిశోధన చేసే ఒక పెద్దసారు దగ్గర ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే పక్కాది కాదు. ఆరు నెలలు చూస్తారు, పనికొస్తే ఉంచుకుంటారు, లేకపోతే ఒక దండం పెట్టి పంపిస్తారు. కానీ మా నాయిన అప్పటికే ఊరంతా తిరిగి "మావోడు ప్రొఫెసరు సాబు కింద అఫ్సరు" అని చాటేశాడు. ఉద్యోగం పోతే ఏం చేస్తానన్నది కాదు నా భయం, ఆ ముఖం పెట్టుకుని పానగల్‌లో బస్సు ఎట్లా దిగాలన్నది.

నాకు పడిన ఊరు దేవరకొండకూ కల్వకుర్తికీ నడుమ, రాళ్లూ ఆముదపు చేన్లూ తప్ప మరేమీ కనపడని చోట ఉంది. (పేరు చెప్పను. అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఒకరిద్దరు ఉండే ఉంటారు.) కృష్ణ మీద పెద్ద డ్యాం కడుతున్నారు కదా, ఆ చుట్టుపక్కల ఊళ్లనుంచి జనం గుంపులు గుంపులుగా మట్టి పనికి పోయేవాళ్లు. ఏ ఊరినుంచి ఎన్ని ఇళ్లు పోయాయన్నదే మా సారు పరిశోధన. నా పని చాలా తేలిక: ఇంటింటికీ పోవాలి, తలుపు తట్టాలి, మనుషులుంటే 'నివాసం' అని, ఇల్లు మొత్తం పనికి పోతే 'వలస' అని జాబితా రాయాలి. తేలికే కానీ, ఎండ ఎండలా లేదు, ఆ ఊరి కుక్కలకు నా ప్యాంటు అస్సలు నచ్చలేదు. రెండు వీధులు తిరిగేసరికి నాకో గొప్ప ఆలోచన తట్టింది. వాకిట్లో సాంపి, అదే పేడనీళ్లు, చల్లి ముగ్గేసి ఉంటే ఇంట్లో మనుషులున్నట్టే కదా, ఇక తలుపు తట్టడమెందుకు? మా ఇంట్లో ముగ్గు రోజూ దానంతటదే మొలుస్తుందనుకునే వయసు, దాని వెనక మా అవ్వ నడుంనొప్పి ఒకటుందని తెలియని వయసు. గొడుగు వేసుకుని వీధి నడుమ నడుస్తూ, దూరంనుంచే ముగ్గులు చూసి, ఒక్క పూటలో ఊరంతా రాసిపారేశాను. ముగ్గు లేని ఇళ్లు నాలుగే తేలాయి. 'వలస ఇళ్లు: నాలుగు' అని రాసి, కింద సంతకం కొంచెం పెద్దగానే చేసి, పోస్టులో వేశాను.

శనివారం జవాబు వచ్చింది. సారుది కోస్తా మాట, కోపంలో కూడా మెత్తగా ఉంటుంది. "చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ సగం ఇళ్లు ఖాళీ అయ్యాయని మనవాళ్లు రాస్తుంటే, నీ ఊళ్లో నాలుగేనా నాయనా? సోమవారం పదింటికి వస్తున్నాను. నా కళ్లతో చూసుకుంటాను. నీ లెక్క తప్పయితే పెట్టె సర్దుకుని నాతోపాటే జీపెక్కేయవచ్చు." ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి అక్షరాలు కదలడం మొదలుపెట్టాయి.

ఆదివారం తెల్లవారుతూనే వీధిలోకి పరుగెత్తాను. నేనున్న కిరాయి అర్రకు ఎదురింటి అవ్వ బకెట్టు పట్టుకుని పెండనీళ్లు చల్లుతోంది, తన వాకిట్లో కాదు, పక్కింటి ముందు. అది కాగానే ఆ పక్కదాని ముందుకు పోయింది.

"గీ ఇల్లు నీదేనా అవ్వా?"

"నాదెట్లయితది బిడ్డా? మా బిడ్డది. పెనిమిటితోని డ్యాం పనికి వోయింది. పోరి నా తాన్నే ఉన్నది." ఆమె కొంగు పట్టుకుని మూడేళ్ల బుడ్డిది నన్ను అనుమానంగా చూసింది.

"మరి గది?"

"మా మరిది కొడుకుది. ఆళ్లు గూడ ఆడ్నే. అవుతలి రెండిండ్లోళ్లు గూడ. పోయేటప్పుడు ఎవలకో ఒకలకు చెప్పే పోతరు, జర మా వాకిలి సూడు అని. నేను గీ దిక్కు సల్లుత, ఆ దిక్కుకు ఆ దిక్కోళ్లు సల్లుతరు."

"లేనోళ్ల వాకిట్ల సాంపి ఎందుకవ్వా?"

"లేనోళ్లెందుకైతరు? పనికి వోయిండ్రు." అవ్వ నడుం నిటారుగా చేసి నా ముఖంలోకి చూసింది. "సావైన ఇంటి ముంగట్నే సాంపి సల్లరు. ఉన్నోళ్ల వాకిలి ఎండవెడ్తరా ఎవలన్న?"

ఆశ చావక అడిగాను, ముగ్గు లేని ఆ నాలుగిళ్ల సంగతి. "గా ఇండ్లా? ముసలాయన సచ్చి పదొద్దులు గాలే. నలుగురు దాయాదులు, మైల. అందరు ఇండ్లల్లనే ఉన్నరు" అంది. అంటే, ఉన్నవాళ్లను లేరని రాశాను, లేనివాళ్లను ఉన్నారని రాశాను. ఇంత నిక్కచ్చిగా తప్పు రాయడం కావాలని కూర్చున్నా సాధ్యం కాదు.

అప్పుడైనా తలుపులు తట్టి కొత్త జాబితా రాసుకుని, సారు ముందు చెంపలు వేసుకుని ఉంటే పోయేది. కానీ భయం పట్టినవాడికి తెలివి ఎక్కువవుతుంది. కొత్త లెక్క చూపించినా సారు నమ్మరు, నాలాగే ఆయనా ముగ్గులనే నమ్ముతారు. కాబట్టి సోమవారం ఒక్క పూట ఖాళీ ఇళ్ల ముందు ముగ్గులు లేకుండా చేస్తే, వీధిలో జీపు దిగగానే ఆయన కళ్లే ఆయనకు లెక్క చెబుతాయి. 'నాలుగు' అన్నది రాతలో దొర్లిన పొరపాటని చెప్పి నేను బయటపడవచ్చు. ఇదీ నా పథకం. అవ్వకు చేతులు జోడించి చెప్పాను.

"నీ నోట్ల మన్నువడ!" అంది అవ్వ. "నా బిడ్డ వాకిట్ల నా చేతులతోని పీడ వెట్టాల్నా? పో, పోయి నీ కాయిదాలు రాసుకో."

నేను పోయి, ఊరి పెత్తనం చేసే పోలీసు పటేలు దగ్గర కూర్చున్నాను. యూనివర్సిటీ ముద్ర ఉన్న కాగితం తీసి బల్లమీద పెట్టాను. ఆయన ముద్రను వేలితో తడిమి, "సర్కారుదా?" అన్నాడు. "సర్కారుదే అనుకో" అన్నాను. (ఆ 'అనుకో'కు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.) సాయంత్రానికి డప్పు మోగింది. "ఇనుండ్రయ్యో! ఊళ్లె లేనోళ్ల వాకిట్ల రేపు పొద్దుగాల సాంపి సల్లొద్దు, ముగ్గెయ్యొద్దు! పట్నం నుంచి పెద్దసారొస్తుండు! ఎవలన్న సల్లితే జుర్మానా!" ఎదురింటి గుమ్మంలో అవ్వ వింటూ నిలబడింది. డప్పు ఆగగానే బుడ్డిదాన్ని ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున చూద్దును కదా, వీధికి వీధి ఎండిపోయి ఉంది. నిన్నటి ముగ్గులు కాళ్లకింద పడి చెరిగిపోయాయి. సర్కారు సారు ముందు పడడం ఎందుకని ఊళ్లో ఉన్నవాళ్లు కూడా తమ వాకిళ్లు తడపకుండానే తొందరగా చేన్లకు పోయినట్టున్నారు, అలికిడి లేదు. అవ్వ ఇంటికీ గొళ్లెం పెట్టి ఉంది. ఆమె తన వాకిలి కూడా తడపలేదు. నేను కొత్త చొక్కా వేసుకుని, ఫైలు చంకన పెట్టుకుని, ఖాళీ ఇళ్లు లెక్కబెట్టుకుంటూ, నా తెలివికి నేనే మురిసిపోతూ నిలబడ్డాను.

ఎనిమిదిన్నర అయ్యుంటుంది. చెరువుకట్ట దిక్కునుంచి మాటలూ నవ్వులూ వినపడ్డాయి. పీర్ల పండుగకు బుధవారం రావలసిన డ్యాం గుంపు, మేస్త్రీ ముందే వదిలిపెట్టాడట, రెండు రోజులు ముందే వచ్చేసింది. అడ్డదారి దగ్గర లారీ దిగి కట్టమీదుగా నడిచి వస్తున్నారు. మూటలు, పారలు, పిల్లలు. అందరికంటే ముందు అవ్వ బిడ్డ, చేతిలో గులాబీరంగు రిబ్బను పట్టుకుని, బుడ్డిదాని కోసం కాబోలు, మలుపు తిరిగి తన ఇంటివైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. నెత్తిమీది మూట జారి కిందపడింది. వెనక వచ్చినవాళ్లు ఒక్కొక్కరే నిలబడిపోయారు.

"అన్ని ఇండ్లల్లనా?" అన్నారెవరో. ఇంకెవరో అన్నారు, "గత్తరొచ్చినట్టున్నదే!"

గత్తరంటే కలరా. ఆ మాటతో ఏడుపు లేచింది. ఆ ఏడుపు నేను ఇన్నేళ్లలో మరచిపోలేదు. అవ్వ బిడ్డ పరుగెత్తి తల్లి గుమ్మం మీద పడింది. వాకిలి ఎండి ఉంది, తలుపుకు గొళ్లెం ఉంది. "అమ్మా! బుడ్డీ! నా బుడ్డీ!" అని పిడికిళ్లతో తలుపు బాదుతోంది. నేను నడివీధిలో నిలబడి, "ఎవలకు ఏం గాలే! నేనే సల్లొద్దన్న!" అని అరిచాను. గుంపంతా నావైపు తిరిగింది.

"నువ్వెవలు?" అన్నాడు ఆమె పెనిమిటి, పార ఇంకా చేతిలోనే ఉంది.

"నేను... వలసల మీద పరిశోధన..." అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట నా జన్మలో మరొకటి మాట్లాడలేదు.

అతను నా కొత్త చొక్కా కాలరు పట్టుకున్నాడు. "నా పోరి ఏది? మా అత్త ఏది? ఏం గాకుంటే సూపియ్యి." చూపించడానికి నా దగ్గర ఏముంది? తెల్లవారకముందే అవ్వ బుడ్డిదాన్ని చంకనేసుకుని వీధి చివరికి పోవడం కిటికీలోంచి చూశాను, కానీ ఎక్కడికో అడగలేదు. బావి దగ్గరికి పరుగెత్తాం, లేరు. చేనుకు పోయాం, లేరు. చాటింపుకు మనసు విరిగి ముసలామె ఏమైనా చేసుకుందా? పసిపిల్లను తీసుకుని ఎక్కడికి పోయింది? ఉద్యోగం సంగతి అప్పుడు నిజంగా మరచిపోయాను. ఆ పిల్ల కనపడితే చాలు, జన్మంతా పానగల్‌లో తలవంచుకుని తిరుగుతానని ఎన్ని దేవుళ్లకు మొక్కానో లెక్కలేదు. వెనక్కి వచ్చేసరికి ఆ తల్లి గుమ్మంలోనే కూలబడి ఉంది, రిబ్బను చేతికి చుట్టుకుపోయి ఉంది.

అప్పుడు జీపు హారను వినపడింది. పది కాలేదు, సారు ముందే వచ్చారు. జీపు ముందు సీట్లో అవ్వ. ఆమె ఒళ్లో బుడ్డిది, దాని నెత్తిన మా పెద్దసారు టోపీ. సారేమో వెనక సామాన్ల నడుమ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఉన్నారు.

జరిగింది తర్వాత తెలిసింది. వాకిళ్లు ఎండిపోయిన ఊళ్లోకి, పండుగ దగ్గరపడుతున్న రోజుల్లో, ఎవరైనా వస్తే గుండె పగులుతుందని అవ్వ తెల్లవారకముందే పోయి దేవరకొండ రోడ్డుమీద కాపలా కూర్చుంది. ఏ లారీ దిగినా ముందే "అందరు మంచిగున్నరు" అని చెప్పి పంపాలని. గుంపు అడ్డదారిన వస్తుందని ఆమెకేం తెలుసు? లారీ రాలేదు, జీపు వచ్చింది. అడ్డం నిలబడి ఆపింది. ఇరవై నిమిషాలు సారుకు నా గురించి చెప్పిందట.

అవ్వ బిడ్డ బుడ్డిదాన్ని లాక్కుని గుండెకు అదుముకుంది. ఇంకో చేత్తో తల్లి భుజంమీద దబదబా కొట్టింది. "ఏడికి వోయినవే! పానం తోడేసినవు గదనే!" అంటూ ఏడుస్తూనే నవ్వింది. బుడ్డిది బెదిరి టోపీ గట్టిగా పట్టుకుంది. సారు కిందికి దిగి, ఎండిన వీధిని ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూసి, ఆఖరున నన్ను చూశారు.

అవ్వ ఇంట్లోకి పోయి బకెట్టు తెచ్చింది. మొదట బిడ్డ వాకిలి తడిపింది. తర్వాత ప్రతి వాకిటి ముందూ ఆగి, చల్లుతూ, గట్టిగా చెప్పసాగింది, ఆ ఇంట్లో ఎవరెవరున్నారో, ఏ నెలలో పోయారో, ఎప్పుడొస్తామన్నారో. సారు నోటుబుక్కు తీసి ఆమె వెనకాలే నడిచారు. ఆయన మెరిసే బూట్లనిండా పెండనీళ్లు. నేను నాలుగని రాసిన చోట ఆయన రాత మూడో పేజీలోకి పాకింది. వీధి చివర పుస్తకం మూసి, మెల్లగా అన్నారు: "నీ ఉద్యోగం ఈవిడకే ఇచ్చేవాణ్ణి నాయనా. ఆవిడకి ఇప్పటికే చేతినిండా పని ఉండబట్టి నువ్వు బతికిపోయావు. జీపెక్కు."

పట్నం తీసుకుపోయి ఆ పేజీలన్నీ శుభ్రంగా తిరగరాయించారు. రెండు వారాల తర్వాత, "వెళ్లి ఈసారి ప్రతి తలుపూ తట్టు" అని అదే ఊరికి పంపారు. పోనని బతిమాలాను, వినలేదు. ఆ రోజు పొద్దున్నే లారీ దిగి, గొడుగు లేకుండా, తలవంచుకుని, గోడల పక్కనుంచి దొంగలాగా నా కిరాయి అర్రదాకా పోయాను. గొళ్లెం తీద్దామని చెయ్యి పెట్టి ఆగిపోయాను.

నా వాకిలి తడిగా ఉంది. పెండవాసన ఇంకా ఆరలేదు. నడుమ చిన్న ముగ్గు, దాని పక్కన ఎవరో చిన్నచేతులతో గీసిన నాలుగు వంకర గీతలు.

అవ్వ ఎదురింటి అరుగుమీద కూర్చుని కందులు చెరుగుతోంది. దగ్గరికి పోయి అన్నాను, "నన్ను తిడుతున్నవనుకున్న అవ్వా."

"తిట్టిన" అంది తలెత్తకుండా. "రోజు సల్లుకుంటనే తిట్టిన. నీ పెట్టె ఈడ్నే ఉండె గద."

ఆ తర్వాత నలభై ఏళ్లు వలసల మీదే బతికాను. ఫారాలు మార్చాను, పుస్తకాలు రాశాను, కుర్రవాళ్లకు తలుపు తట్టడమెట్లాగో నేర్పాను. ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాను. ఈ మధ్య మా ఇంటావిడ మహబూబ్‌నగర్‌లో వాళ్లక్క దగ్గరికి పోయి నెలయింది. నిన్న పొద్దున నేను ముగ్గుడబ్బా పట్టుకుని వాకిట్లో ఒంగి ఉంటే, పక్కింటామె చూసి, "అమ్మగారొచ్చారా సార్?" అని అడిగింది. "రాలేదు, వస్తుంది" అన్నాను. నడుం చాలా నొప్పి పుట్టింది, ముగ్గు మాత్రం ఒక పక్కకు పోయింది.