అండాలక్క ల్యాబ్‌లో జరిగిన కౌన్సెలింగ్

మా ఆసుపత్రి ల్యాబ్ తలుపు తీయగానే ఒక వాసన వస్తుంది. స్పిరిట్ లాంటి ఘాటు, దాని అడుగున కొంచెం తీపి. స్లయిడ్ మీద రక్తకణాలకు పట్టించే రంగు వాసన అది. తోటి విద్యార్థులు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, పండ్ల దుకాణం పైన ఒకే గదిలో ఉన్న అండాలక్క ల్యాబ్ గుర్తొస్తుంది.

మొదటిసారి నీట్ రాసినప్పుడు నేను సీటుకు చాలా దూరంలో ఆగిపోయాను. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి అక్క దగ్గర పనికి చేరాను. పనిచేస్తూనే మళ్ళీ చదివాను. అక్కకు నలభై దాటాయి. ఆమె చదివిందీ ఆ కోర్సే. పాత క్యాలెండర్‌ను వెనక్కి తిప్పి గోడకు వేలాడదీసి, తనకు తెలియని సంగతులు వరుస నంబర్లు వేసి దాని మీద రాసేది. తెలిసిన రోజున ఆ నంబరు కొట్టేసేది. జాబితాలంటే నాకు మొదటినుంచీ ఇష్టం. కానీ నేను తెలిసినవే రాసుకునేవాణ్ణి.

ఒకరోజు యంత్రం ఒక తాతకు ప్లేట్‌లెట్లు బాగా తక్కువ చూపించింది. నేను రిపోర్టు టైపు చేయబోయాను.

“ఆగు. గంత తక్కువ ఎట్లొచ్చింది?” అంది అక్క.

“డెంగీ కావచ్చక్కా.”

“ఏం కావచ్చని అడగలే. ఎట్లొచ్చిందని అడిగిన.”

స్లయిడ్ చేసి చూస్తే కణాలు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. యంత్రం వాటిని విడివిడిగా లెక్కపెట్టలేకపోయింది. వేరే రకం ట్యూబులోకి మళ్ళీ రక్తం తీస్తే అంకె మామూలుగానే వచ్చింది. “ఒక్క చెయ్యి సరిపోలేదా బిడ్డా?” అని తాత విసుక్కున్నాడు. “నీ రక్తంల దోస్తానా ఎక్కువుంది తాతా, ఒకదాన్నొకటి ఇడుస్తలేవు” అంది అక్క.

రెండోసారి నీట్‌లో అర్హత దాటాను కానీ, సీటు వస్తుందో రాదో అన్న అంచున ఉన్నాను. మా బాపు పెద్ద చెరువులో చేపలు పడతాడు. “ఇగ ఇదే ఆఖరు. కొంగరకలాన్ ఫ్యాక్టరీల అడిగిపెట్టిన. సీటు రాకుంటే అండ్ల చేరాలె” అన్నాడు.

కౌన్సెలింగ్‌లో కాలేజీలను మన ఇష్టం ప్రకారం వరుసగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. నేను నిరుడు ఒక్కో కాలేజీలో సీటు దొరికిన ఆఖరి ర్యాంకులన్నీ సేకరించి పట్టిక వేశాను. ఎవరూ ఇష్టపడి చేరని ఒక దూరపు కాలేజీ నా ర్యాంకుకు ఖాయంగా వస్తుందనిపించింది. దాన్ని మొదట పెట్టాను. నిజంగా కోరుకున్న సర్కారు కాలేజీలను అడుగుకు నెట్టాను. తక్కువ మార్కులవాడు పెద్ద కాలేజీలు పైన పెడితే కంప్యూటర్ దరఖాస్తునే పక్కన పడేస్తుందని నెట్ సెంటర్ అన్న చెప్పాడు. ఊళ్ళో అందరూ అదే నమ్మేవారు.

అక్క నా కాగితం చూసింది. “గీ మొదటిది నీకు ఇష్టమా?”

“కాదక్కా. వచ్చేది గదే.”

“వచ్చేది రాయమన్నరా, కావాల్సింది రాయమన్నరా?”

“పెద్దయి పైన పెడితే చిన్నది గూడ పోతదంట.”

“పోతదా?”

“అందరంటున్నరు.”

“నాకైతే తెల్వదు” అంటూ ఆమె క్యాలెండర్ మీద నలభై ఒకటో నంబరు వేసింది. “చేసి చూద్దాం. ఖాళీ ట్యూబులు తియ్.”

పదిహేను ట్యూబులకు ర్యాంకులు అంటించాం. నాలుగు స్టాండ్లు నాలుగు కాలేజీలు, ఒక్కోదానికి మూడు సీట్లు. ఒక్కో ట్యూబుకు కోరికల చీటీ చుట్టాం. ఎనిమిదో ట్యూబు నేను. కౌన్సెలింగ్ నిబంధనల్లో రాసినట్టే, మొదటి ర్యాంకు నుంచి ఒక్కొక్కరి చీటీ చదువుతూ ట్యూబును స్టాండులో పెడుతున్నాం. షుగర్ పరీక్షకు పరగడుపున వచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడి, “ఏందక్కా, రక్తం తీస్తరా, గోటీలాడ్తరా?” అన్నాడు.

“జర కూసో అన్నా. డాక్టర్ సీట్లు పంచుతున్నం.”

నా వంతు వచ్చింది. ఇష్టం ప్రకారం రాసిన చీటీతో చూస్తే మొదటి స్టాండు నిండింది, రెండోదీ నిండింది, మూడోదాంట్లో చోటు దొరికింది. పాత వరుసతో మళ్ళీ చేస్తే నేరుగా ఎవరికీ ఇష్టంలేని నాలుగోదాంట్లో పడ్డాను. మూడో స్టాండులో నా చోటు నా వెనకవాడికి పోయింది. పై రెండింటిని అడిగినందుకు నాకు పోయిందేమీ లేదు.

“మార్కులు తక్కువొచ్చినయ్, సరే. నీ ఇష్టాన్ని గూడ నువ్వే ఎందుకు తక్కువ చేసుకున్నవ్?” అంది అక్క.

గడువు ఆ సాయంత్రమే. జాబితా అంతా తిరగరాసుకుని వెళ్ళాను. “సీటు రాకుంటే నా మీదికి రావద్దు తమ్మీ” అంటూనే నెట్ సెంటర్ అన్న సబ్మిట్ బటన్ నొక్కాడు.

సీట్లు ప్రకటించిన రోజు నా జాబితాలో తొమ్మిదోది వచ్చింది. జిల్లాలో కొత్తగా పెట్టిన సర్కారు కాలేజీ. బాపు వల దులుపుతూ, “సర్కారుదేనా?” అని రెండుసార్లు అడిగాడు. “ఫ్యాక్టరోళ్లకు నేనే చెప్త తియ్” అన్నాడు.

ల్యాబ్ మెట్లు పరుగున ఎక్కాను. అక్క స్లయిడ్ మీంచి తల ఎత్తింది.

“ఎన్నోది?”

“తొమ్మిదోది!”

“మరి ముందటి ఎనిమిది ఎవరికి పోయినయ్? చూసినవా?”

నాకు కోపం వచ్చింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

“ఖరాబైతే అందరం అడుగుతం, ఎట్లయిందని. మంచిగైతే ఒక్కడన్న అడుగుతడా? కూసో.”

ఇద్దరం కూర్చుని సీట్ల జాబితా పేజీ పేజీ చదివాం. ఎనిమిదో కాలేజీ నాకు మూడు ర్యాంకుల ముందు నిండిపోయింది. నాకొచ్చిన తొమ్మిదోదాన్ని ఆ దూరపు కాలేజీకి దిగువన పెట్టుకుని ఉంటే ఏం పోయేదో, పైన పెట్టినందుకు ఏం మిగిలిందో ఆమె ఒక్కొక్కటీ నా చేత చెప్పించింది. ల్యాబ్ మూసే వేళకు లేచి, కాగితం పొట్లంలోంచి జిలేబీ తీసి నా చేతిలో పెట్టింది. అది పొద్దుననే తెప్పించి పెట్టింది.

ఇప్పుడు వార్డులో జ్వరం తగ్గిన పేషెంటు మంచం దాటి అందరూ పక్క మంచానికి వెళ్తుంటే, నేను ఇంకో నిమిషం అక్కడే ఉంటాను. ఏ రోజు తగ్గింది? ఏ మందుకు? మందు లేకపోయినా తగ్గేదా? చాలాసార్లు జవాబు దొరకదు. మొన్న ఒక పేషెంటు భార్య సంచి సర్దుకుంటూ నవ్వింది. “మంచిగైంది గదా సారూ, ఇంక ఏం చూస్తున్నవ్?”

“ఎట్ల మంచిగైందో చూస్తున్నమ్మా.”

ఆమె సంచి కింద పెట్టింది. నా పక్కకు వచ్చి, “మొన్న పొద్దుగాల ఒళ్లంత చెమట పట్టింది. గప్పటిసంది...” అని చెప్పడం మొదలుపెట్టింది.